నల్లా దగ్గర మొదలుపెట్టు

కొండాపూర్,
ఆదివారం మధ్యాహ్నం

చి. చిట్టికి,



నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితాలన్నీ చదివాను. ఫోన్లో కళ్లు లాగుతున్నాయని కిందికి దిగి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నా. బడిలో నిన్ను హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్‌గా వేశారని, వారానికో పీరియడ్ ఇస్తామన్నారని, పిల్లల మనసుల మీద పని చేయాలట, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తోచడం లేదత్తా అని రాశావు. ఫోన్లో చెబితే సగం విని బస్సెక్కేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

ముందు నీ ప్లాను సంగతి. గోడ మీద ఐదు ముఖాల చార్టు: సంతోషం, దుఃఖం, కోపం, భయం, విసుగు. పొద్దున రాగానే ప్రతి పిల్లా పిల్లాడూ తన ముఖం దగ్గర క్లిప్పు పెట్టాలి. ఆపైన ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస. నెలకో పోస్టర్ల పోటీ. చూడముచ్చటగానే ఉంటుంది, ఎంఈఓ వస్తే ఫొటో కూడా తీసుకుంటారు. కానీ బిడ్డా, ఇందులో పిల్లలు చేయాల్సిన పనులు బోలెడున్నాయి, పిల్లలు తేల్చాల్సిన సంగతి ఒక్కటీ లేదు. అదే నాకు మింగుడు పడలేదు.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఆరో తరగతి చదివే పిల్ల ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరివీ మైండ్‌స్పేస్ ఐటీ పార్కు వైపు ఉద్యోగాలు, తండ్రిది అమెరికా షిఫ్టు. బడి పెద్ద ఫీజుల బడి. వాళ్లకి గురువారం మూడో పీరియడ్ ఈ మనసుల క్లాసేనట. ఏం చేస్తారే అందులో అని అడిగా. "ఎలా ఉన్నావంటే గుడ్ అనాలి అమ్మమ్మా. శాడ్ అంటే మేడమ్ ఇంకో మూడు ప్రశ్నలేస్తుంది, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. గుడ్ అంటే అయిపోతుంది" అంది, చాక్లెట్ కాగితం మడతపెడుతూ. నువ్వు పంపిన మాడ్యూల్లో రాసిన ఐదు గుణాలు ఉన్నాయి చూడు, అమెరికాలో 1994లో పుట్టిన కాసెల్ అనే సంస్థ నుంచి లోకమంతా పాకినవి: తనను తాను ఎరగడం, తనను తాను అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారిని ఎరగడం, వగైరా. అందులో రెండోది ఈ పిల్లకి పూర్తిగా వచ్చేసింది. క్లాసు పెట్టినవాళ్లు కోరుకున్న దారిలో మాత్రం కాదు.

పిల్లలు ఊరికే నోరు విప్పరు. చెప్పిన మాట ఎటు పోతుందో కనిపెడతారు. డైరీలోకెక్కుతుందా, స్టాఫ్‌రూమ్‌లో నవ్వులాట అవుతుందా, ఇంటికి ఫోనై పోతుందా, లేకపోతే గాలికే పోతుందా. మొదటి నెలలో వాళ్లు చెప్పిన దాంట్లో ఒక్కటంటే ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, బడిలో మారిందనుకో. రెండో నెల నుంచి నీకు చార్టులు అక్కర్లేదు. ఏమీ మారకపోతే నువ్వెంత మెత్తగా అడిగినా, చెప్పుకుని లాభం లేదనే పాఠం వాళ్లకి నీ క్లాసులోనే వంటబడుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. కింద రాసిందంతా దీనికే వివరం.

శేరిలింగంపల్లి మండలంలో నేను పనిచేసిన ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతి మగపిల్లలు రోజూ మధ్యాహ్నం భోజనం తర్వాత కొట్టుకునేవాళ్లు. చొక్కా గుండీలు తెగేవి, ఒకసారి పన్ను విరిగింది. పీఈటీ సారు గుంజీళ్లు తీయించేవాడు. ఏదో కంపెనీ నుంచి వచ్చినాయన కోపం తగ్గించుకోవడమెలా అని స్లైడ్లు వేసి, పది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టించి పోయాడు. ఆ మధ్యాహ్నం కూడా కొట్టుకున్నారు. సోషల్ సారు ఒకాయన ఉండేవాడు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన నోట్‌బుక్కు కాగితాలు చింపి తలా ఒక చీటీ ఇచ్చి, పేరు రాయొద్దు, బడిలో మీకు కోపం వచ్చే చోటు ఏదో రాయండి అన్నాడు. కోపం ఎందుకొస్తుందని అడగలేదు, గమనించావా? ఎందుకంటే పిల్లలు వెంటనే మంచిపిల్లలైపోయి జవాబు వెతుకుతారు. ఎక్కడ అంటే చేయి దానంతటదే రాస్తుంది.

చీటీల్లో సగానికి పైగా ఒకటే మాట: నల్లా.

ప్లేట్లు కడిగే నల్లాల దగ్గరికి సారు పిల్లలతో కలిసి వెళ్లాడు. ఉన్న నల్లాల్లో సగం పనిచేయవు. ఆరు నుంచి పది దాకా అందరికీ ఒకటే గంట, ఒకటే తొక్కిసలాట. పదో తరగతివాళ్లు ముందు, వాళ్ల స్నేహితులు తర్వాత. చివరికి మిగిలినవాళ్ల వంతు వచ్చేసరికి ట్యాంకు ఖాళీ. వాళ్లు ఎంగిలి ప్లేటునే సంచిలో పెట్టుకుని క్లాసులో కూర్చుంటారు. ఇంకో పీరియడ్ అయ్యేసరికి సాంబారు వాసన, పక్కవాడి ఎకసెక్కాలు. గొడవల్లో మొదటి దెబ్బ కొట్టేది ఎప్పుడూ ఒక్కడే, అందరూ వాడికి కోపిష్టి అని పేరు పెట్టారు. ఆ పిల్లాడు రోజూ వరుసలో చివరివాడు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. సారు తనే తీర్పు చెప్పేయలేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్నీ, ఇద్దరు టీచర్లనీ, వంట చేసే అమ్మనీ చెట్టు కింద కూర్చోబెట్టాడు. నల్లా దగ్గర లీడరును పెడదామని ఒక టీచరమ్మ అంది. పిల్లలు ఒక్క గొంతుతో వద్దన్నారు, లీడరు తన దోస్తుల్నే ముందు పంపుతాడని. ఆరు, ఏడు తరగతులకి భోజనం గంట ముందు కొట్టమన్నారు పిల్లలు. పాఠం చెడుతుందని హెచ్ఎం ఒప్పుకోలేదు. ఐదు నిమిషాల దగ్గర రాజీ కుదిరింది. రెండు బకెట్లు, మగ్గులు ముందే నింపి పెట్టాలని, వంతులవారీగా చేయాలని ఒక ఆడపిల్ల చెప్పింది. టీచర్లు కూడా ఇదే వరుసలో నిలబడి తమ టిఫిన్ డబ్బా తామే కడుక్కోవాలని ఎవరో వెనక నుంచి అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సోషల్ సారు సరే అన్నాడు, ఇంకో టీచరమ్మ మొహం మాడ్చుకుంది, అయినా వచ్చి నిలబడింది.

గొడవలు మాయమయ్యాయని రాయను. తగ్గాయి. కొన్నాళ్లకి వంతులు తప్పాయి, ఒక బకెట్టు ఎవరో ఎత్తుకుపోయారు, మళ్లీ లొల్లి. అయితే ఈసారి పిల్లలే వచ్చి చెట్టు కింద కూర్చుందాం సార్ అన్నారు. ఇంకో మార్పు కూడా వచ్చింది: నల్లా సంగతి తేలాక వాళ్లు వేరే సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. బాత్రూముకి గడియ లేదని ఆడపిల్లలు, ఇంట్లో నాన్న తాగొస్తే హోంవర్కు ఎక్కడ చేయాలో తెలియదని ఒక పిల్లాడు. మనసు సంగతి నేరుగా అడిగితే దొరకలేదు, నీళ్ల సంగతి వెంట నడిచొచ్చింది.

నీ కాగితాల్లో ఇంకో సంగతి చూశాను. 2020 ఫిబ్రవరి 12న కేంద్రం మొదలుపెట్టిన ఆ స్కూల్ హెల్త్ కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లు అంబాసిడర్లు, వీలైతే ఒకరు ఆడ, ఒకరు మగ. క్లాసు మానిటర్లు మెసెంజర్లు. పదకొండు అంశాలు, అందులో మనసు ఆరోగ్యం ఒకటి. ఏర్పాటు మంచిదే, ఆ మానిటర్ల దగ్గర మాత్రం ఆగు. మన బళ్లలో క్లాసు లీడరంటే ఎవరు? టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాడు. పేర్లు రాసే చేతికి ఎవరైనా గుట్టు అప్పగిస్తారా? లీడరును తీసేయమనడం లేదు, వాడి పని వాడిని చేసుకోనీ. ఈ మెసెంజర్ పనికి మాత్రం చీటీలు వేసి నెలకు ఇద్దర్ని తీయండి, మార్కులతో పని లేకుండా. చదువులో వెనకబడ్డ పిల్లకి ఆ వంతు వచ్చినప్పుడు క్లాసు ఎలా చూస్తుందో గమనించు. వాళ్ల పని ఏమిటో కూడా వాళ్లతోనే రాయించు. వినడం, తోడు రావడం, టీచరు దగ్గరికి తీసుకెళ్లడం వరకే. అంతకు మించిన బరువు పిల్లల భుజాల మీద పెట్టకు.

నీ బడి ఉన్న చోటు సంగతి నీకు నేను చెప్పాలా? 1998 నవంబరు 22న వాజపేయి గారు సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మాదాపూర్‌లో చుట్టూ బండరాళ్లే. ఇప్పుడు నీ క్లాసు కిటికీలోంచి క్రేన్లు కనిపిస్తాయి. ఆ క్రేన్ల కింద పనిచేసేవాళ్ల పిల్లలే నీ క్లాసులో సగం మంది. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి. మిగతా సగంలో సెక్యూరిటీ గార్డుల పిల్లలు, అపార్ట్‌మెంట్లలో వంటపని చేసే తల్లుల పిల్లలు, తాతలు భూములమ్ముకుంటే ఏమీ మిగలని పాత ఊరివాళ్ల పిల్లలు. ఒక్క గదిలో తెలుగు, హిందీ, ఉర్దూ, ఒడియా. నువ్వేమో ఐదు ముఖాల కింద ఇంగ్లిషులో మాటలు రాశావు.

ఒడియా పిల్ల మాట్లాడటం లేదంటే ముడుచుకుపోయిందనుకోకు. మూడో భాషలో దిగులు చెప్పుకోమంటే నువ్వయినా ఏం చెబుతావు? బొమ్మ వేయనీ, తన భాషలోనే రాయనీ, నీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. భాష తెలిసిన తోటిపిల్లల సాయం బడి పనులకి తీసుకో, ఇంటి గుట్లకి మాత్రం వద్దు. ఒకరి బాధని ఇంకొకరి నోట పలికించడం ఇద్దరికీ మంచిది కాదు.

ఇంకో ముచ్చట. నానక్‌రాంగూడ, కోకాపేట దిక్కు బళ్లలో పిల్లలు ఏడాది మధ్యలో మాయమవుతారు. టవరు పూర్తవుతుంది, మేస్త్రీ ఇంకో సైటుకి తీసుకుపోతాడు, సోమవారం పొద్దున బెంచీ మీద ఒక చోటు ఖాళీ. టీసీ కూడా అడగరు. రిజిస్టరులో వరసగా గైర్హాజరు పడి, కొన్నాళ్లకి పేరు కొట్టేస్తారు. పక్కన కూర్చున్న పిల్ల మనసులో ఏం జరుగుతుందో ఎవరూ అడగరు. దోస్తీ చేస్తే పోతారు కదా, ఎందుకు చేయాలి అని ఏడో తరగతిలోనే ఒక పిల్లాడు నాతో అన్నాడు, వయసు పన్నెండు. మీ మాడ్యూల్లో స్నేహం మీద పాఠం ఉంది, వెళ్లిపోవడం మీద లేదు. ఆ పాఠం నీ పిల్లలే రాయాలి. వెళ్లబోతున్నట్టు తెలిస్తే ఏం చేయాలి, తెలియకుండానే వెళ్లిపోతే ఏం చేయాలి, కొత్తగా వచ్చినవాళ్ల పక్కన మొదటి వారం ఎవరు కూర్చోవాలి. అడిగి చూడు. మా బడిలో పిల్లలు కొత్తవాళ్లకి ముందుగా చెప్పాలని తేల్చినవి రెండు: బాత్రూము ఎక్కడ, రెండో వడ్డన ఎప్పుడు. పెద్దవాళ్లకి ఏ జన్మకీ తట్టదు ఇది.

టీచర్లూ పిల్లలూ కలిసి ఇలాంటి పని చేయడం మన దగ్గర కొత్తేమీ కాదు. శాంతా సిన్హా గారు గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చెప్పేవారు. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట పెట్టిన ఎం.వి. ఫౌండేషన్ తరఫున 1991 నుంచి మన రంగారెడ్డి జిల్లా ఊళ్లలోనే పనిపిల్లల్ని బడికి తెచ్చారు. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది. అప్పట్లో మాలాంటి సర్కారు టీచర్లు బాలకార్మిక విమోచన వేదిక అని జట్టు కట్టారు. పనిపిల్లల్ని బడికి సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపులకి వెళ్లేదాన్ని. జీతం ఉండొచ్చిన పిల్లలు, గొర్లు కాసినవాళ్లు, పత్తి చేలల్లో వంగి పనిచేసిన ఆడపిల్లలు. ఒక పదేళ్ల పిల్లాడు కూర్చుని ఉండేవాడు కాదు, ఎవరు గట్టిగా పిలిచినా లేచి నిలబడేవాడు. పిలుపంటే పని అని వాడి ఒంటికి అలవాటైపోయింది. అక్కడ అక్షరాల కంటే ముందు పాటలు, ఆటలు, ముచ్చట్లు నడిచేవి. నేర్పే వాలంటీర్లు కూడా చాలామంది వాళ్ల ఇళ్లలో మొదటిసారి చదువుకున్నవాళ్లే. ఆ పిల్లలు బడిలో నిలబడాలంటే ముందు మారాల్సింది బడే, టీచరు మాట తీరే అని వేదికలో వాదించుకునేవాళ్లం. నలుగురిలో ఎలా మెలగాలో పిల్లలకి నేర్పుతున్నామనుకుంటూనే మేము చాలా నేర్చుకున్నాం.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. 2005లో, రాజీవ్ సంగల్ డైరెక్టరుగా ఉన్నప్పుడు, అక్కడ మానవ విలువల కోర్సు పెట్టారు. ఉపన్యాసాలు తక్కువ, చిన్న చిన్న గుంపులుగా అధ్యాపకులతో కూర్చుని మాట్లాడుకోవడం ఎక్కువ. ఎ. నాగరాజ్ అనే ఆయన చెప్పిన మధ్యస్థ దర్శనం అనే తత్వం దానికి మూలం. ఆ తరహా తర్వాత ఏఐసీటీఈ ద్వారా ఇంజినీరింగ్ కాలేజీల్లో మూడు వారాల ఇండక్షన్‌గా వచ్చింది. 2018 జులై 2న దలైలామా సమక్షంలో ఢిల్లీ సర్కారు బళ్లలో హ్యాపీనెస్ కరికులం మొదలైంది కదా, నర్సరీ నుంచి ఎనిమిది దాకా, పరీక్ష లేకుండా, రోజూ ఒక పీరియడ్. దానికీ ఆ నాగరాజ్ ఆలోచనే పునాది. ఆంధ్రా బళ్లలో ఆనంద వేదిక అని నడిపారు. పరీక్ష పెట్టకపోవడం నాకు బాగా నచ్చింది, దీనికి మార్కులు వేసిన రోజున పిల్లలు దీనికీ గైడు కొంటారు. నచ్చనిది కూడా చెబుతా. ఇలాంటి కోర్సుల్లో ఒక్కోసారి చర్చ అంటూనే జవాబు ముందే సిద్ధంగా పెట్టుకుంటారు. చివర్లో అందరూ ఆ జవాబు దగ్గరికే చేరాలి. పిల్లలు దాన్ని రెండో క్లాసులోనే పసిగడతారు. నీకే జవాబు తెలియని ప్రశ్న అడిగే ధైర్యం ఉంటేనే పిల్లలతో గుండ్రంగా కూర్చో.

ఇక నీ ఐదు నిమిషాల ఊపిరి ధ్యాస సంగతి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడిలో సాయంత్రం పిల్లలంతా ఒక చోట కూర్చుని మౌనంగా సూర్యాస్తమయం చూస్తారు, అస్తాచల్ అంటారు. బీఈడీలో ఆ ముచ్చట విని మురిసిపోయి ఉంటావు. మీ బడి పక్కన రాయి కోసే మిషను ఉంది. మౌనం నీకు రాసిపెట్టి లేదు, దాని కోసం పిల్లల మీద విసుక్కోకు.

స్టాఫ్‌రూమ్ సంగతికొస్తా, నీ అసలు భయం అదేనని నాకు తెలుసు. పిల్లల్ని నెత్తికెక్కించుకుంటున్నావు, రేపు మాకు ఎదురు మాట్లాడతారు అంటారు. అన్నవాళ్లతో వాదించకు. ముఖం చూపించి హాజరు వేసే యాప్, భోజనం లెక్కలు, సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు చేసి చేసి అలిసిపోయిన మనుషులు వాళ్లు. వాళ్ల మనసు సంగతి ఎవరు అడిగారని? మీ బడిలో లెక్కల సారు చాలా కఠినం అన్నావు కదా. ఒక వారం ఆయన్ని ఊరికే గమనించు. నేనెరిగిన అలాంటి సారు ఒకాయన హాజరు పిలుస్తూ తలెత్తి ప్రతి ముఖం చూసేవాడు. ఏరా, పొద్దున ఏమన్నా తిన్నావా అని ఒక్కడినే అడిగేవాడు. ఆ రోజు తిననివాడు సరిగ్గా వాడే. ఆయనకి ఈ మాడ్యూలు చూపిస్తే నవ్వేవాడు. అలాంటివాళ్లని నీ పనికి శత్రువులుగా లెక్కేయకు. మీరు రేపటి క్లాసుకొచ్చి ఊరికే కూర్చోండి సార్ అని అడుగు. వచ్చినప్పుడు మాత్రం నియమం అందరికీ ఒకటే. పిల్లలు కింద కూర్చుంటే సారూ కిందే, మోకాళ్ల నొప్పులుంటే అందరికీ కుర్చీలు. చీటీ రాయాల్సి వస్తే ఆయనా రాయాలి, నువ్వూ రాయాలి.

కంపెనీలవాళ్లు టీషర్టులేసుకుని వలంటీరింగ్ అని వస్తారు, గోడకి రంగులేస్తారు, రెండు గంటల్లో పిల్లల ఒత్తిడి తీసేస్తామంటారు. తరిమేయకు, మర్యాద కాదు. ఆ రెండు గంటలూ పిల్లల్ని ప్రశ్నలడగనివ్వు. ఒకసారి మా బడి పిల్ల ఒకతి, మీ ఉద్యోగం పోతే ఏం చేస్తారు అని ఒక అబ్బాయిని అడిగింది. పోయింది, పోయినేడాది, రెండు నెలలు ఇంట్లో చెప్పకుండా రోజూ బ్యాగేసుకుని బయల్దేరేవాణ్ని అన్నాడతను. స్లైడ్లు పక్కన పడిపోయాయి. పిల్లలు అతన్ని వదల్లేదు. ఎక్కడ కూర్చునేవాడివి, మధ్యాహ్నం ఏం తినేవాడివి, అమ్మకి ఎప్పుడు చెప్పావు.

ఇక కాస్త గట్టిగా చెప్పాల్సినవి.

2019 ఏప్రిల్‌ గుర్తుందా, నువ్వప్పుడు చదువుకుంటున్నావు. ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయని రాష్ట్రమంతా గగ్గోలు. తెలుగులో 99 రావాల్సిన ఒక అమ్మాయికి సున్నా అని వచ్చింది. ఆ రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత అందరూ పిల్లలకి మనోధైర్యం నేర్పాలి అన్నారు. నేర్పాలి నిజమే. కానీ తప్పు లెక్కకి ఊపిరి కసరత్తు మందవుతుందా? పిల్లల్ని తట్టుకునేలా తయారుచేయడం ఒక్కటే మన పనైతే, వాళ్లని నలిపే దాన్ని ఎవరూ ముట్టుకోరు. నోటీసు బోర్డు మీద ర్యాంకులు, మార్కుల ప్రకారం సెక్షన్లు మీ బడిలోనూ ఉన్నాయా? ఉంటే పిల్లల చీటీల్లో ఆ మాట వచ్చి తీరుతుంది. అప్పుడు హెచ్ఎం ముందు పెట్టడానికి నీ దగ్గర ఒక కాగితం ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగులో ఉండగా చనిపోయిన అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి పిల్లల్ని విడదీయడం, నలుగురిలో చిన్నబుచ్చడం వీలైనంత మానుకోవాలంది. వందమంది, అంతకు పైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలంది. మొత్తం సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఉండాలంది. అంబాసిడరు ఉంది కదా, కౌన్సిలరు ఎందుకని ఎవరైనా అంటే నోరు మూసుకోకు. నువ్వు సోషల్ టీచరువి, డాక్టరువి కాదు.

ఎవరికీ చెప్పను అని ఏ పిల్లకీ మాటివ్వకు. ఇది మొదటి రోజే, అందరి ముందే చెప్పెయ్యి. నీకు ప్రమాదం అనిపిస్తే తప్ప ఎవరికీ చెప్పను, చెప్పాల్సి వస్తే ముందు నీకే చెప్పి చేస్తాను అని. ఒంటి మీద చెయ్యి వేసిన సంగతి ఏదైనా నీ చెవిన పడితే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి తెలియజేసి తీరాలి, దాచడం నేరం. పరువు పోతుందని బడిలో పెద్దలే సర్దుబాటు చేయబోతారు, లొంగకు. 1098 పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైను. చచ్చిపోవాలనిపిస్తోంది అని ఎవరైనా రాసినా, సరదాకి అన్నా, తేలిగ్గా తీసుకోకు. ఆ పిల్లని ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లని, డాక్టరుని కలుపు. టెలీమానస్ హెల్ప్‌లైను 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు బోర్డు పక్కన పెద్దగా రాయించు, టీచర్లకీ అదే నంబరు.

మొదటి పీరియడ్‌లో ఇన్నీ పెట్టుకోకు. చీటీలు ఇవ్వు, ఒక్క ప్రశ్న అడుగు, చదివి అందరూ రాసిన చోట్లకి పిల్లలతో కలిసి నడిచి వెళ్లు. ఏది మన చేతుల్లో ఉంది, ఏది హెచ్ఎం చేతుల్లో ఉంది, ఏది ఎవరి చేతుల్లోనూ లేదు అని మూడు వాటాలు వాళ్లతోనే వేయించు. మొదటి వాటాలోంచి వాళ్లు ఎంచుకున్నది ఒకటి పట్టుకోండి. ఆ పీరియడ్ పొద్దుటి పూటే ఇమ్మని అడుగు, చివరి పీరియడ్ అంటే వ్యాన్లూ ఆటోలూ గేటు దగ్గర హారన్లు కొడుతుంటాయి. పరీక్షలు దగ్గరపడగానే సిలబస్ కాలేదని ఆ గంట లెక్కలకి లాక్కుంటారు. లాక్కుంటే పిల్లలకి చెప్పకుండా ఇవ్వకు. వాళ్ల గంట అది, ఇవ్వాలా వద్దా అని వాళ్లనీ అడుగు. ఇచ్చేద్దాం మేడమ్ అని వాళ్లే అంటే ఇచ్చెయ్యి.

మీ నాన్నకి బీపీ మాత్రలు అయిపోవచ్చాయి, గుర్తుచేయి. దసరాకి వచ్చేటప్పుడు ఆ చీటీలు మాత్రం తేకు. నాకు చదవాలని ఉంటుంది, నువ్వూ చూపించాలనుకుంటావు. అవి నాకు రాసినవి కావు.

పైలం బిడ్డా.

మీ అత్త